పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సాయంత్రంతో మొదలయ్యే రోజు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట చుట్టూ తిరిగాయి: తీరిక దొరకడం లేదు, దేవునికి ఇవ్వవలసిన సమయం ఇవ్వలేకపోతున్నాము, ఇంట్లోవాళ్లకూ ఇవ్వలేకపోతున్నాము. ఒక్క పెద్దాయన మాత్రం తీరిక ఎక్కువై రాశారు. అన్నింటికీ విడివిడిగా జవాబు రాసే చోటు లేదు కనుక అయిదింటిని ఎంచుకున్నాము. రాసినవారి పేర్లు అచ్చు వేయడం లేదు. ఉత్తరాలను కొంత కుదించాము.

ప్రశ్న: ప్రభువు నామమున వందనాలు. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌గా పనిచేస్తున్నాను. వయసు 38. మా క్లయింటు అమెరికాలో ఉండడం వల్ల రాత్రి పదకొండు దాకా కాల్స్ ఉంటాయి. అయినా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి గంటసేపు వాక్యధ్యానం, ప్రార్థన చేసుకోవాలని నియమం పెట్టుకున్నాను గానీ మోకాళ్ల మీదే నిద్రపోతున్నాను. సంఘంలో యూత్ బాధ్యత, శనివారం పాటల ప్రాక్టీసు, బుధవారం కాటేజీ ప్రార్థన నావే. సమయాన్ని పోనివ్వక సద్వినియోగం చేసుకోమని పౌలు ఎఫెసీ సంఘానికి రాసిన మాటను గోడకు అంటించి, ఫోనులో మూడు రకాల ప్లానర్లు వాడుతున్నాను. ఈమధ్య బీపీ ఉందని డాక్టరు చెప్పారు. “మీరు ఇంట్లో ఉన్నా లేనట్టే” అని నా భార్య అంటోంది. నేను ఎక్కడ తప్పుతున్నాను?
– ఒక సహోదరుడు, మియాపూర్, హైదరాబాదు

జవాబు: సహోదరా, ముందు బీపీ సంగతి చెప్పి తరువాత మిగతా మాటలకు వస్తాను. డాక్టరు రాసిన మాత్రలు మానవద్దు. ప్రార్థన చేసుకుంటున్నాను కదా అని తరువాతి పరీక్షను వాయిదా వేయవద్దు. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద అంతటి విజయం చూసి, ఆ వెంటనే రాణి యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూలబడి చావును కోరుకున్నప్పుడు దేవదూత ఆయనకు ప్రసంగం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి తలాపున పెట్టి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి తట్టి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తరువాత, నలభై రోజుల నడక ముగిసి హోరేబు కొండ చేరాకనే. అయిదు గంటలు మాత్రమే పడుకునే మనిషి మోకాళ్ల మీద కునుకు తీయడం భక్తిలో లోపం కాదు, ఒంటికి పడిన బాకీ. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలనీ, ఏళ్ల తరబడి నిద్ర చాలకపోతే రక్తపోటుకు అదీ ఒక కారణమవుతుందనీ వైద్యులు చెబుతూనే ఉన్నారు.

ఇక గోడ మీది వాక్యం. గడియారం కొలిచే కాలానికి గ్రీకులో క్రోనోస్ అనే మాట ఉంది. పౌలు ఇక్కడ రాసింది కైరోస్. ఈ రెండు మాటల మధ్య గీత ఎప్పుడూ అంత స్పష్టంగా ఉండదు గానీ, ఈ వాక్యంలో కైరోస్‌ను మన రైతుల మాటలో “అదను” అని చదువుకుంటే అర్థం సూటిగా తగులుతుంది. అదను చూసి విత్తేవాడు రోజుకు ఇరవై గంటలు దుక్కి దున్నడు; పదును ఉన్న రోజు పొలంలో ఉంటాడు, లేని రోజు ఎడ్లను విప్పి వదులుతాడు. సద్వినియోగం అని మనవాళ్లు అనువదించిన క్రియకు మూలంలో సంతలో సరుకు చేజారకముందే కొనేయడం అనే అర్థం ఉంది. సంతకు వెళ్లినవాడు కనిపించిన ప్రతి సరుకూ కొంటే సంచీ చిరుగుతుంది. ఆ తరువాతి వచనంలోనే, అవివేకులు కాక ప్రభువు చిత్తమేమిటో గ్రహించుకోండి అని పౌలు అంటాడు. ఏది కొనాలో, ఏది వదలాలో తేల్చుకొమ్మని చెప్పే వాక్యాన్ని మీరు, నాలాంటి చాలామంది, ఖాళీ కనిపించిన ప్రతి గంటనూ పూడ్చమని చెప్పే వాక్యంగా చదివాము.

ఆదికాండం మొదటి అధ్యాయంలో మనం గబగబా దాటిపోయే మాట ఒకటుంది: “అస్తమయమును ఉదయమును కలుగగా” అని. ముందు అస్తమయం, తరువాత ఉదయం. యూదులకు విశ్రాంతి దినం ఈనాటికీ శుక్రవారం పొద్దుగూకగానే మొదలై శనివారం చీకటి పడేదాకా ఉంటుంది. ఆ లెక్కలో రోజు మొదట మనిషి చేసేది పని కాదు. దీపం పెట్టుకుని, అన్నం తిని, ఇంట్లోవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి పడుకోవడం. మనం నిద్రలో ఉండగా దేవుడు నడిపిస్తున్న రోజులోకి మనం ఉదయం లేచి మధ్యలో చేరతాము. ఇంకో సంగతి చూడండి: ఆదాము ఆరో రోజున పుట్టాడు, కనుక అతడు పూర్తిగా చూసిన మొదటి రోజు విశ్రాంతి దినమే, ఏమీ చేయకముందే, ఏమీ సంపాదించకముందే అతనికి విశ్రాంతి దొరికింది. వేకువనే లేచి, రాత్రి పొద్దుపోయేదాకా మేలుకుని, కష్టార్జితమైన ఆహారం తినడం వ్యర్థమని 127వ కీర్తన అంటున్నది సోమరులను వెనకేసుకురావడానికి కాదు. ఇల్లు కట్టేది ఎవరో గుర్తు చేయడానికి. అందుకని నా సలహాలో మొదటి మాట ఇది: మీ ప్లానరులో లేచే వేళను కొట్టేసి, ఆపే వేళను రాయండి.

“ఆపేస్తే ఆత్మల సంగతి ఏమిటి” అని మీరు అడుగుతారని తెలుసు, ఎందుకంటే నేనూ ముప్పై ఏళ్లు అలాగే అడిగాను. మార్కు సువార్త మొదటి అధ్యాయం చూడండి. కపెర్నహూములో పొద్దుగూకాక పట్టణమంతా వాకిటి దగ్గర కూడింది, ప్రభువు అనేకులను బాగుచేశాడు, ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడు. సీమోను వెతుక్కుంటూ వెళ్లి అందరూ నీకోసం చూస్తున్నారంటే, ఆయన తిరిగి ఆ వాకిటికి రాలేదు. పక్క ఊళ్లకు పోదామన్నాడు. ఆ ఉదయం ఆ వాకిటి దగ్గర జ్వరంతోనో కుంటికాలితోనో ఎదురుచూసినవాళ్లు ఉండే ఉంటారు. అవసరం కనిపించిందంటే అది పిలుపే అని ఆయన అనుకోలేదు. అలాగని ఆయన పెట్టుకున్న హద్దు రాతిగోడా కాదు. ఆరో అధ్యాయంలో భోజనానికి కూడా తీరిక లేని శిష్యులను విశ్రాంతికి తీసుకుపోతుంటే జనం ముందే అక్కడికి చేరుకున్నారు. ఆయన వారి మీద కనికరపడి బోధించాడు, అయిదువేల మందికి పెట్టాడు. కానీ ఆ రాత్రి శిష్యులను పడవ ఎక్కించి, జనాన్ని పంపివేసి, తాను కొండకు వెళ్లి ప్రార్థన చేసుకున్నాడు. ఏకాంతం కొన్ని గంటలు వెనక్కి జరిగింది, రద్దు కాలేదు. మన దగ్గర వెనక్కి జరిగినది జరిగినట్టే మాయమవుతుంది; తేడా అక్కడ ఉంది.

ఇప్పుడు ఒక పని చేయండి. ప్లానర్లు పక్కన పెట్టి, ఒక అరవై పేజీల నోటుబుక్కులో ఒక వారం రోజులు మీరు నిజంగా ఏం చేశారో రాయండి, చేయాలనుకున్నది కాదు. నేను హైస్కూలులో పాఠాలు చెబుతూ సంఘపు పనుల కోసం సైకిలు మీద ఊళ్లు తిరిగే రోజుల్లో ఇలా రాస్తే, దేవుని పనికి వారానికి పదకొండు గంటలు ఇస్తున్నానని తేలింది; అందులో నాలుగు గంటలు సభ మొదలవుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నవి. సాయంత్రం ఆరు గంటలకని కరపత్రంలో వేసిన కూడిక ఏడున్నరకు మొదలుపెట్టడం మన సంఘాల్లో ఎవరూ పాపమనుకోరు గానీ, వంద మంది దగ్గర తలా గంటన్నర అప్పుగా తీసుకుని ఎగ్గొట్టడం అది. ఆ గంటల్లో మా అమ్మాయి ఇంట్లో ఒంటరిగా లెక్కలు చేసుకుంటూ ఉండేది. ఇప్పుడు ఆమెకు నలభై ఏళ్లు. “నాన్న స్వరం నాకు మైకులోదే గుర్తుంది” అని ఒకసారి నవ్వుతూ అంది. నేను నవ్వలేకపోయాను.

సంఘంలో మూడు బాధ్యతల్లో ఒకటి ఉంచుకుని రెండు అప్పగించండి. మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతుంటే మామ యిత్రో వచ్చి, నువ్వు చేస్తున్నది మంచిది కాదు, నువ్వూ నీతో ఉన్న జనమూ నలిగిపోతారు అన్నాడు. “జనమూ” అన్న మాట గమనించండి: మీరు ఒక్కరే మోయడం వల్ల యూత్‌లో ఇద్దరు ముగ్గురు ఎదగవలసినవాళ్లు ఎదగకుండా ఉన్నారు. ఆఫీసు విషయంలో, రాత్రి కాల్స్ టీములో వంతులవారీగా పంచమని మేనేజరును అడగడం విశ్వాసానికి తక్కువ కాదు. మీ క్లయింటు అమెరికా తూర్పు తీరంలో ఉంటే వాళ్ల ఉదయం తొమ్మిది గంటల మీటింగు మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నరకు వస్తుంది, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుకోగానే అదే ఏడున్నరకు జరుగుతుంది, మార్చిలో మళ్లీ ముందుకు వస్తుంది. మీ ఇంట్లో కుటుంబ ప్రార్థన ఏటా నవంబరులో ఆగిపోతుంటే దానికి సాతానును నిందించకముందు గడియారం చూడండి. ఏడాదికి ఆ రెండుసార్లూ భార్యాభర్తలిద్దరూ కూర్చుని భోజనం, ప్రార్థన, నిద్ర వేళలను మళ్లీ నిర్ణయించుకోండి. రాత్రి పదకొండున్నరకు పడుకోక తప్పని రోజున ఉదయం ఆరున్నరకు లేవండి. అప్పుడు మెలకువతో చేసే పావుగంట ప్రార్థన, నాలుగున్నరకు తూగుతూ చేసే గంట కంటే దేవునికి తక్కువ ఇష్టమని నాకు ఏ వాక్యంలోనూ కనిపించలేదు. ఫోను మాత్రం హాల్లో పడుకోవాలి, మీ తలగడ పక్కన కాదు.

ప్రశ్న: వందనాలు. ఇంటి దగ్గరే మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. మా అత్తగారు పక్షవాతంతో పద్నాలుగు నెలలుగా మంచం మీదే ఉన్నారు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పిల్లలిద్దరూ హైస్కూలు. కుళాయి నీళ్లు అయిదింటికి వచ్చి ముప్పావు గంటలో ఆగిపోతాయి. మొన్న ఉజ్జీవ సభల్లో వాక్యం చెప్పిన దైవజనులు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంట ప్రార్థన చేయని ఇంటికి ఆశీర్వాదం రాదన్నారు, వెస్లీ గారి పేరు కూడా చెప్పారు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. నేను మార్త లాంటిదాన్ని అయిపోయానా అండీ?
– ఒక సహోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు ఆ వేదిక మీద కూర్చున్నవారి మీద కాస్త కోపం కూడా వచ్చింది. ఆ కోపాన్ని పక్కన పెట్టి రాస్తున్నాను.

మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ నాలుగింటికి లేచేవాడన్నది నిజమే. అయితే ఆయన పెందలాడే పడుకునేవాడు, కరెంటు దీపాలు లేని పద్దెనిమిదో శతాబ్దంలో బతికాడు, ఆయనకు తనకంటూ పిల్లలు లేరు, ఆయన నీళ్లు పట్టుకోవలసిన కుళాయి లేదు. ఆయన పేరు చెప్పేవాళ్లు ఆయన తల్లి సుసన్నా వెస్లీ పేరు కూడా చెబితే బాగుండేది. పంతొమ్మిది మందిని కని, వారిలో చాలామందిని పసితనంలోనే పోగొట్టుకుని, అప్పులతో సతమతమయ్యే ఇంటిని నడిపిన ఆ తల్లి, వంటింట్లో పని మీద కట్టుకునే గుడ్డను తల మీదికి లాక్కుంటే అమ్మ ప్రార్థనలో ఉందని పిల్లలు అల్లరి ఆపేవారని చెబుతారు. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చునేది. జాన్ వంతు గురువారం. పెద్దవాడయ్యాక, ఆ గురువారం సాయంత్రాలను గుర్తు చేసుకుంటూ ఆయన తల్లికి ఉత్తరం రాశాడు. మీకు కొంగు ఉంది. అది చాలు.

మార్త సంగతి. ప్రభువు ఇంటికి వచ్చినప్పుడు ఆమె పనుల్లో మునిగి ఉంటే, సహోదరి మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వాక్యం వింది. ప్రభువు మార్తను వంట చేసినందుకు మందలించలేదు. అనేకమైన పనుల గురించి విచారపడి తొందరపడుతున్నావన్నాడు. తప్పు వంటింట్లో లేదు, తొందరలో ఉంది. మీరు అత్తగారి పక్క మారుస్తూ విసుక్కుంటే అది మార్త విచారం. మారుస్తూ ఆమె చెవిలో ఒక కీర్తన చెబితే అది మరియ కూర్చున్న చోటే. ఆరో శతాబ్దంలో ఇటలీలోని మాంటే కాసినోలో బెనెడిక్టు అనే భక్తుడు తన మఠంలోని సన్యాసుల కోసం ఒక నియమావళి రాశాడు. దినమునకు ఏడుమారులు నిన్ను స్తుతించుచున్నాను అన్న 119వ కీర్తనలోని మాటను ఆధారం చేసుకుని పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి ప్రార్థనకు చేరాలని అందులో ఏర్పాటు చేశాడు. గంట కొట్టగానే చేతిలో పని వదిలి వాళ్లు లేచేవారు. మీ ఇంట్లో ఆ గంట రెండు గంటలకోసారి మోగుతోంది, అంతే. కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టి, ఆమె భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి, మోకాళ్ల మధ్య తలగడ సర్ది, వీపున దుప్పటి ముడతలు తీసే ఆ నాలుగు నిమిషాల్లో ఒక్క కీర్తన చెప్పండి. మాట పడిపోయినవారికి కూడా చిన్ననాటి కీర్తనలు లోపల ఉంటాయి. ఒక్కోసారి మనం మరిచిన చరణం వారి పెదవుల మీద కదులుతుంది. ఆ నియమావళిలోనే, అన్నిటికంటే ముందు, అన్నిటికంటే మిన్నగా రోగులను చూసుకోవాలనీ, వారికి చేసేది క్రీస్తుకే చేసినట్టు చేయాలనీ ఒక అధ్యాయం ఉంది. ప్రార్థనా జీవితానికి ప్రపంచం నిలువుటద్దంగా చెప్పుకునే మఠంలో మాట అది.

రాత్రి పన్నెండుకు ఒకసారి, రెండుకు ఒకసారి లేచినప్పుడు 121వ కీర్తన చాలు: ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు, నిద్రపోడు. ఆయన మేలుకుని ఉన్నాడు కనుకనే మీరు నాలుగింటికి లేవకుండా అయిదింటి దాకా పడుకోవచ్చు.

ఒక్క మాట మీ భర్తకు చెప్పాలి, ఈ పేజీ ఆయనకు చూపించండి. మంచం మీద ఉన్నది ఆయన తల్లి. దేవునికి కానుక ఇచ్చేశానని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసింది ఎగ్గొట్టేవారిని ప్రభువు మార్కు ఏడో అధ్యాయంలో గట్టిగానే నిలదీశాడు. కొర్బాను (దేవునికి అర్పితం) అన్న మాట పక్కన శుక్రవారం ఉపవాస కూడికనో, రాత్రి సభలనో పెట్టుకుని మగవాళ్లం మనం చదువుకోవాలి. రాత్రి ఒక వంతు, ఆదివారం ఉదయం ఒక వంతు ఆయన తీసుకుంటే మీరు వారానికి ఒకసారైనా సంఘంలో కూర్చుని, ఎవరి పక్కా మార్చనవసరం లేకుండా వాక్యం వినగలరు. పక్షవాతం ఉన్నవారికి పుండు ఎర్రగా కనిపించడం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకుండా నర్సుకు గానీ డాక్టరుకు గానీ చూపించండి.

ప్రశ్న: మాది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను, మూడేళ్లయింది. ఇక్కడ తెలుగు ఆరాధన శుక్రవారం జరుగుతుంది. మా మేడం నెలకు రెండు శుక్రవారాలే వదులుతుంది, అదీ అడిగితే సోమరి అంటుంది. విశ్రాంతి దినం పాటించలేకపోతున్నాననే భయం ఉంది. శుక్రవారం ఆరాధన ఆదివారానికి సరిపోతుందా?
– ఒక సహోదరి, కువైట్

జవాబు: అమ్మా, సరిపోతుంది. ఒకడు ఒక దినాన్ని ఎంచుతాడు, మరొకడు ప్రతి దినాన్నీ సమానంగా ఎంచుతాడు, ఎవరైనా ప్రభువు కోసమే ఎంచాలి అని రోమా పత్రిక 14వ అధ్యాయంలో ఉంది. మొదటి విశ్వాసులు ఆదివారం కూడుకున్నది సెలవు ఉండి కాదు. 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ సెలవు ప్రకటించేదాకా ఆదివారం అందరికీ పని రోజే. అందుకే తెల్లవారకముందో, పని ముగిశాక రాత్రిపూటో చేరేవారు. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డ ఐతుకు కూడా పగలంతా ఎక్కడో ఒళ్లు వంచి వచ్చినవాడే అయి ఉంటాడని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ప్రభువు అతన్ని లేపాడు, కునికినందుకు మందలించలేదు.

మీ భయం పక్కన పెట్టండి, ఎందుకంటే ఈ ఆజ్ఞ బరువు మీ మీద లేదు. పది ఆజ్ఞలు రెండు చోట్ల ఉన్నాయి. నిర్గమకాండంలో విశ్రాంతికి కారణం సృష్టి. ద్వితీయోపదేశకాండం అయిదో అధ్యాయంలో కారణం వేరు: నీ దాసుడు, నీ దాసి నీలాగే విశ్రమించాలి, నువ్వు ఐగుప్తులో దాసుడవై ఉన్నావని గుర్తుంచుకో. ఆ మాట పనిచేయించుకునేవారితో చెప్పినది. ఇశ్రాయేలీయులు మూడు రోజులు ఆరాధనకు వెళ్లనివ్వమంటే ఐగుప్తు రాజు ఫరో అన్న మాట కూడా “మీరు సోమరులు” అనే. గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. మీ మేడం మాట కొత్తదేమీ కాదు.

మన నేల మీద కూడా ఇది జరిగింది. 1866లో ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్యతో మొదలై మాదిగ కుటుంబాలు క్రీస్తును నమ్ముకున్నప్పుడు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వారికి చెప్పిన నియమాల్లో ఒకటి ఆదివారం పని చేయకూడదన్నది. ఊరి చాకిరీకి ఎప్పుడు పిలిస్తే అప్పుడు లేవవలసిన మనుషులు, వారంలో ఒక రోజు మాది అన్నారు. పెత్తందార్లతో గొడవలు వచ్చాయి. ఆ తాతముత్తాతల సంగతి తెలిస్తే ఆదివారాన్ని మనం ఉతికిన బట్టల పండుగగా చూడము.

కనుక మీ హక్కు మీరు తెలుసుకోవాలి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసేవారి కోసం 2015లో చేసిన 68వ నంబరు చట్టం వారానికి ఒక రోజు జీతంతో కూడిన సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని అని చెబుతోంది. భారత రాయబార కార్యాలయంలో కార్మికుల సమస్యలు చూసే విభాగం ఉంది. వెంటనే గొడవ పెట్టుకోమనడం లేదు. మీ పరిస్థితి మీకే తెలుసు, మీ సంఘంలో చాలాకాలంగా ఉన్న అక్కలతో మాట్లాడి అడుగు వేయండి. ఆరాధనకు వెళ్లలేని శుక్రవారం పొద్దుటే ఒక కీర్తన చదువుకుని పనిలోకి వెళ్లండి. సంఘం మీ ఖాళీ కుర్చీని చూసి ప్రార్థన చేయాలి గానీ, రాలేదని లెక్క కట్టకూడదు.

ఈ ఉత్తరం చదువుతున్న మిగతావారిని ఒక ప్రశ్న అడుగుతాను. మన ఇంట్లో అంట్లు తోమే ఆమెకు వారంలో సెలవు ఏ రోజు? ఆదివారం చుట్టాలు వస్తారని ఆ రోజే రెండుసార్లు రమ్మంటున్నామా? యెషయా 58వ అధ్యాయంలో ఉపవాసం ఉంటూ పనివారి చేత కఠినంగా పని చేయించుకునేవారిని దేవుడు అడిగిన మాటలు శుక్రవారం ఉపవాస కూడికలో ఎవరైనా పైకి చదవాలి.

ప్రశ్న: గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. పరీక్షలూ, కోచింగ్ టెస్టులూ ఆదివారాలే పెడుతున్నారు. ఆరాధన మానితే తప్పా?
– ఒక యువకుడు, అశోక్‌నగర్, హైదరాబాదు

జవాబు: తమ్ముడూ, అసలు పరీక్ష ఉన్న ఆదివారం ప్రార్థన చేసుకుని వెళ్లి రాయండి, విశ్రాంతి దినం మనుషుల కోసమే నియమింపబడింది గానీ మనుషులు విశ్రాంతి దినం కోసం కాదని ప్రభువే చెప్పాడు. కోచింగ్ టెస్టు వేరే. అది తరువాత కూడా రాయవచ్చు, కనుక నెలలో అన్ని ఆదివారాలూ దానికి ఇచ్చేయకండి. ఏ వారంలోనైనా ఒక పూట పుస్తకం మూసి పెట్టండి. అరణ్యంలో దేవుడు కురిపించిన ఆహారమైన మన్నా ఏడో రోజున కూడా దొరుకుతుందేమోనని వెళ్లినవారికి ఏమీ దొరకలేదు, ఆశపడి రేపటికి దాచినది పురుగు పట్టింది. రాత్రి రెండు దాకా చదివిన పాలిటీ కూడా కొంత అలాంటిదే.

ప్రశ్న: రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. నా భార్య ప్రభువు దగ్గరికి వెళ్లి రెండేళ్లు. పిల్లలు ఒకరు బెంగళూరు, ఒకరు టెక్సాస్. అందరూ సమయం లేదంటారు. నాకు పొద్దు గడవదు. పేపరు చదవడం అయ్యేసరికి తొమ్మిది. అక్కడి నుంచి రాత్రి దాకా గోడ గడియారం చూస్తూ కూర్చుంటాను. బైబిలు ఎంతసేపని చదవను?
– ఒక పెద్దాయన, విజయవాడ

జవాబు: అన్నగారూ, మీరు నాకంటే పెద్దవారు కనుక సంకోచిస్తూనే రాస్తున్నాను. నలభై ఏళ్లు నిమిషాల లెక్కతో బండ్లు నడిపించిన మనిషికి టైం టేబులు లేని రోజు ఎంత పొడుగో ఊహించగలను. మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము అని 90వ కీర్తనలో మోషే అడిగింది ఎన్ని మిగిలాయో తెలుసుకోవడానికి మాత్రమే కాదు, జ్ఞానహృదయం కలగడానికి. మిగిలిన దినాలు ఎవరికి పనికొస్తాయో చూసుకోవడం అందులోకే వస్తుంది. మీరు పోగొట్టుకున్నది పని ఒక్కటే కాదు, పక్కన కూర్చున్న మనిషిని. ఆ చోటు బైబిలు పుటలతో పూడ్చుకోమని నేను చెప్పను. మధ్యాహ్నాలు మరీ భారంగా ఉండి ఆకలి, నిద్ర తగ్గుతుంటే పిల్లలతో దాచకుండా చెప్పండి, ఒకసారి డాక్టరును కలవండి.

పైన తెనాలి సహోదరి ఉత్తరం చదివారు కదా. మీ సంఘంలో, మీ వీధిలో అలాంటి ఇల్లు ఒకటి తప్పకుండా ఉంటుంది. మీ పాస్టరు గారిని అడిగి ఆ ఇల్లు తెలుసుకోండి. వారానికి రెండు రోజులు, ఒకే వేళకు వెళ్లి, మంచం పక్కన గంట కూర్చుని, పేపరు పైకి చదవండి, కీర్తన ఒకటి చదవండి, మీ బండ్ల కబుర్లు చెప్పండి. ఆ గంటలో ఆ ఇంటి కోడలు మందుల షాపుకో, రైతు బజారుకో, ఏమీ లేకపోతే వెనక గదిలో నడుం వాల్చడానికో వెళ్లగలుగుతుంది. వెళ్లేముందు ఆమెనే అడగండి, ఏ గంట ఆమెకు పనికొస్తుందో. ఆమె చెప్పిన గంటకు వెళ్లండి. గార్డుగారు కనుక ఆలస్యం చేయరని నాకు తెలుసు.